తరిమెన నుండి లేతు వరకు

అమీరుపేట, పంజాగుట్ట అనగానే నేటి యువకులకు కంప్యూటరు శిక్షణాలయములును, తలలపై నడచు మెట్రో రైలును స్ఫురించును. ఆ పేటలకు వాయవ్యమున నున్న సనత్‌నగరము, దాని కావలి బాలానగరము మాత్రము ఇనుము కోసినవారి ఊళ్ళు. మన పంపుసెట్ల షాఫ్టు అరిగినచో దానికి మందు దొరకునది అటువంటి చోట్లనే.

నిజాము కాలమున, 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్, 1943లో ప్రాగా టూల్స్ ఆరంభమైనవి. మొదటిది బస్సుల బాడీలకును, రిఫ్రిజిరేటర్లకును పేరొందెను, నేడది లేదు. రెండవది సికింద్రాబాదు కవాడిగూడలో యంత్రములను చేయు యంత్రములనే చేసెను, 1988లో హెచ్.ఎమ్.టి. వశమయ్యెను. 1968లో కేంద్ర ప్రభుత్వము బాలానగరమున నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నేటికిని పనిముట్ల రూపకల్పనను నేర్పుచున్నది. చిన్న షెడ్లలో లేతులును తిరుగుచునే యున్నవి.

లేతునకు మన భాషలో తరిమెన యని పాత పేరు కలదు. పూర్వము పనివాడు ఉలిని చేతబట్టి, తిరుగుచున్న కొయ్యకు ఆనించి, బొంగరములను మంచపు కోళ్ళను తరిమెన పట్టెడివాడు. పని చెడినచో తప్పు చేతిది. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్స్‌లే ఉలిని చేతినుండి తప్పించి, జారుడు పట్టులో బిగించి, మరచుట్టు కడ్డీచే నడిపించు ఇనుప లేతును తీర్చిదిద్దెను. చేతి నేర్పు యంత్రములోనికి పోయెను. దాని వెంట తప్పును పోయెను! యంత్రము వంకరయైనచో ఎంతటి నేర్పరి చేసినను పని వంకరయే.

ఆ వంకరలలో మన రైతును ముంచునది టేపరు; అనగా ఒక కొన లావు, ఒక కొన సన్నము. షాఫ్టుపై బేరింగు కూర్చుండు చోట మిల్లీమీటరులో నూరవ పాళ్ళు మూడు నాలుగు తగ్గినను, లోపలి కంకణము జారి, వేడెక్కి, బేరింగు చెడును. రైతు బేరింగును తిట్టి క్రొత్తది వేయించును. అదియును పోవును. వరి పొట్టకు వచ్చిన వేళ వారము దినములు నీరు నిలిచినచో, ఆ నష్టము ఏ వర్క్‌షాపు బిల్లులోను కనబడదు.

దీనికి పరీక్ష కలదు. రెండంగుళముల లావు కడ్డీని చక్కులో బిగించి, టెయిల్ స్టాకును ఆనింపక, జానెడు ఎడముగా రెండు చోట్ల, ఉలి లోతు మార్చక పలుచగా కోసి, మైక్రోమీటరుతో కొలువవలెను. రెండును సమానమై, టెయిల్ స్టాకు ఆనించినపుడు మాత్రమే టేపరు వచ్చుచున్నచో, ఆ టెయిల్ స్టాకు ప్రక్కకు జరిగినదని తెలియవలెను. సమానము కానిచో బెడ్డు మెలిదిరిగినదేమో చూడవలెను. రసమట్టమును బెడ్డునకు అడ్డముగా ఈ కొన నొకమారు, ఆ కొన నొకమారు ఉంచినపుడు బుడగ ఒకే గీత వద్ద నిలువవలెను. నిలువనిచో కాళ్ళ క్రింద పలుచని రేకులు పెట్టి సవరింపవలెను. తాపీవారి రసమట్టము ఇందుకు చాలదు, యంత్రములకని చేసిన సూక్ష్మమైనది కావలెను. బెడ్డు సరియైన పిమ్మటను టేపరు పోనిచో, అప్పుడే హెడ్ స్టాకు బోల్టులను ముట్టవలెను. మన షెడ్లలో తరచుగా మొదట విప్పునవి అవియే.