ఱాయి ముందా, ప్రాణి ముందా?

సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలులో కూర్చున్నవారికి భువనగిరి దాటి ఆలేరు చేరువరకు ఱాతిగుట్టలు కనబడుచుండును. భూమిపై వీనికంటె ప్రాచీనమైనది వేఱొకటి యుండదని చూచువారికి తోచును. ఈ ప్రాంతపు గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అయినను, పశ్చిమ ఆస్ట్రేలియాలో సూక్ష్మజీవుల గుర్తులు గల ఱాళ్లు సుమారు 350 కోట్ల సంవత్సరముల నాటివి. అనగా, ఆలేరు ఱాయి కరగిన ముద్దగానుండి గట్టిపడునాటికే ప్రాణమునకు నూఱుకోట్ల యేండ్లు నిండినవి. మన ఱాయి ప్రాణమునకు తమ్ముడే గాని అన్న గాదు.

ఆ తొలిప్రాణి యెట్లు పుట్టినది? కుళ్లిన మాంసమున పురుగులు తమంత తామే పుట్టునని పూర్వులు నమ్మిరి. 1860 ప్రాంతమున పాశ్చరు, హంసమెడ వంటి గొట్టము గల గాజుకుప్పెలలో రసమును మరగించి యుంచి, వెలుపలి ధూళి చేరనిదే అందు సూక్ష్మజీవియైనను పుట్టదని నిరూపించెను. ప్రాణికి ప్రాణియే తల్లి యని తేలినది. మఱి అన్నిటికి మొదటి తల్లి మాటేమి? ఆ ప్రశ్నను కొందఱు దైవమునకు, కొందఱు ప్రత్యేకమైన జీవశక్తికి వదలివేసిరి. కాని అంతకు పూర్వమే, 1828లో, వోలరను జర్మను పండితుడు మూత్రమందలి యూరియాను ఏ జంతువు సాయమును లేక గాజుపాత్రలో సిద్ధము చేసి, నిర్జీవపదార్థమునకును శరీరపదార్థమునకును నడుమనున్న గోడను కదిలించియుండెను.

1924లో రష్యాలో ఒపారిను, 1929లో ఇంగ్లండులో హాల్డేను ఆ దారిని మఱికొంత ముందుకు సాగిరి. తొలినాటి గాలిలో ఆమ్లజని విడిగా లేదనియు, మెఱుపులును ఎండయు సోకి ఆనాటి వాయువులనుండి కర్బనపదార్థములు పుట్టి సముద్రమున పేరుకొనెననియు వారి యూహ. ఈ హాల్డేనే 1957లో మన దేశమునకు వచ్చి, భారతపౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఊహకు పరీక్ష 1953లో జరిగెను. షికాగోలో యూరే శిష్యుడు మిల్లరు మీథేను, అమ్మోనియా, ఉదజని, నీటియావిరి గల గాజుబుడ్డిలో ఒక వారము విద్యుత్తుతో మెఱుపులు పుట్టించెను. నీరు ఎఱ్ఱబడెను. మాంసకృత్తులకు ఇటుకల వంటివైన అమినో ఆమ్లములు అందు దొరకెను.

ఈ చరిత్రలో మన తెలుగువాని కృషికిని చోటు గలదు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కెతో గూడి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. 1929లో వారిరువురును కండరములందు ఏ.టి.పి. అను భాస్వరపదార్థమును కనుగొనిరి. అదే యేట జర్మనీలో లోమను దానిని వేఱుగా కనుగొనెను. ప్రాణుల దేహములందు శక్తి చేతులు మారుటకు నాణెము వంటి దిది. దానిలో నొక భాగమైన అడినీనును 1960లో ఓరో అను శాస్త్రజ్ఞుడు ఘోరవిషమైన ఉదజని సయనైడునుండి పుట్టించెను. సింహళమున జన్మించిన పొన్నంపెరుమ 1963లో తన సహచరులతో, అడినోసినును ఒక భాస్వర సమ్మేళనముతో కలిపి అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసి ఏ.టి.పి.నే పొందెను. సుబ్బారావు కండలో చూచినది జీవము లేని ద్రావణమునను కానవచ్చెను.

ఇంతమాత్రమున ప్రాణము గుట్టు తెలిసినదనుట తొందరపాటు. ఆదిమవాయువులు మిల్లరు తలచినట్లే యుండెనా యని తరువాతివారు శంకించిరి. ఇటుకలు దొరకినవి గాని, అవి కూడి యిల్లై నిలిచిన విధము తేలలేదు. ఏ ప్రయోగశాలయందును నిర్జీవరసము ప్రాణియై కదలలేదు. ఈ మాట దాచుట శాస్త్రము గాదు. దీనిని అడ్డుపెట్టి వెదకుట మానుమనుట వివేకమును గాదు.

పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టు అలవాటు మన యిండ్లనుండి యింకను పోలేదు. ఒకరి పుట్టుక ముఖమునుండి, మఱొకరిది పాదమునుండి యను మాటను చదువుకొన్నవారును సమర్థింతురు. గుట్టపై ఱాయి కొట్టు కూలివాని చేతిలో సుత్తిని లేపు పదార్థమేదియో, గుడిలో హారతి పట్టు చేతిని లేపునదియు అదియే. ఱాతిపగులులోని నాచునందును అదియే. వంశవృక్షము తిరుగవేయ దలచినవారు ఏడుతరములతో ఆగనేల? 350 కోట్ల యేండ్లు వెనుకకు నడచినచో అందఱి యింటిపేరు నొక్కటియే.