పంతులుగారి పండగ పద్దు

బడి మూసి చేసుకునే పండగ కాదు అప్పటి దసరా. బడిని వీధిలోకి నడిపించిన పండగ. పిల్లల చేతుల్లోని వెదురు విల్లంబుల వెనక ఒక పంతులుగారి బతుకు లెక్క ఉంది.

దసరా సెలవులు వచ్చాయంటే హైదరాబాదు–విజయవాడ హైవే మీద కార్లు బారులు తీరతాయి. గరికపాడు దగ్గర పాలేరు వంతెన కనబడితే కృష్ణా వాళ్లకు సగం ఇల్లు చేరినట్టే. ఆ రోడ్డు పక్క ఊళ్లలో బడికి మాత్రం తాళం. మేష్టార్లు తమ ఊళ్లకు వెళ్లిపోతారు, పిల్లలు ఆటల్లో పడతారు. మన తాతల కాలంలో ఇదే నవరాత్రుల్లో బడికి బడే ఊరేగేది.

ముందు పంతులుగారు, వెనక వరసగా పిల్లలు. ఒక్కొక్కరి చేతిలో వెదురు బద్ద వంచి, రంగుకాగితాలు అంటించిన విల్లంబు. దానికి పూలో, గుప్పెడు బుక్కాగుండ పొడో పెట్టి, ఇంటి ముందు నిలబడి దసరా పద్యాలు అందుకునేవారు. ఒకడు చరణం చెబితే మిగిలినవాళ్లు జయం పలికేవారు. పాట ముగిసి విల్లు వదిలేసరికి ఇంటాయన తలనిండా పూలు, పంచెనిండా బుక్కా. ఆయన నవ్వుతూ లోపలికి వెళ్లి పంతులుగారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు తెచ్చేవాడు. దీన్నే దసరా మామూలు అన్నారు.

విల్లే ఎందుకంటే దసరా ఆయుధాల పండగ కాబట్టి. అజ్ఞాతవాసానికి పోతూ పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచారు. గడువు తీరాక అర్జునుడు గాండీవం దింపుకొని ఉత్తర గోగ్రహణంలో గెలిచాడు. రాముడు రావణుణ్ణి కూల్చిందీ దసరా నాడే అంటారు. ఈ కథలు పిల్లవాడు పుస్తకంలో చదవలేదు. వెదురు చీల్చి, నారి కట్టి, భుజాన వేసుకొని నేర్చుకున్నాడు.

ఇసుకలో ఓనమాలు

ఆ పంతులుగారికి సర్కారు జీతం లేదు. ఎవరి అరుగు మీదో, ఏ గుడి మండపంలోనో బడి. పిల్లవాడి తల్లిదండ్రులు ఇచ్చేదే రాబడి. ఏడాది పొడవునా అరకొరగా వచ్చేదానికి దసరా మామూలు తోడైతేనే ఆయన ఇల్లు గడిచేది.

ఈ బడుల లెక్క తీయమని 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరికీ ఉత్తర్వులిచ్చాడు. వచ్చిన జవాబుల్లో అన్నిటికన్నా వివరమైంది 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ రాసింది. ఆయన జిల్లాలో 533 బడులు ఉంటే, 226 తెలుగువి. అయిదో ఏట బడిలో వేసే వేడుకను ఆయన దగ్గరుండి చూసినవాడిలా రాశాడు. పంతులూ, బడి పిల్లలూ ఆ ఇంటికే వచ్చి, వినాయకుడి బొమ్మ చుట్టూ కూర్చునేవారు. కొత్త పిల్లవాడి వేలు పట్టుకొని పంతులు బియ్యంలో దేవుడి పేరు దిద్దించేవాడు. ఆ తర్వాత ఇసుక, ఆ పైన తాటాకు.

పొద్దున్నే బడికి మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. అంటే పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడి నుంచి బెత్తం లెక్క మొదలు. చదువుల తల్లి నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడే కాదు, ఆ బడిలో రోజూ తెల్లవారగానే ఒకడి అరచేతిలోకి దిగివచ్చేది.

ఆ నివేదికలోనే ఇంకో అంకె ఉంది. బళ్లారి బడుల్లో మొత్తం పిల్లలు 6,641. అందులో ఆడపిల్లలు 60 మంది. వీధిబడిని తలుచుకొని మురిసిపోయే ముందు ఈ అంకెను గుర్తు పెట్టుకోవాలి. దళితవాడల పిల్లలకు చాలాచోట్ల ఆ అరుగు ఎక్కే వీలే లేదు. విల్లంబులు పట్టి ఊరంతా తిరిగినవాళ్లు నిజానికి ఊరంతటి పిల్లలు కారు.

అప్పు పెట్టనివ్వని పాట

దసరా పద్యాల్లో దేవుడి పొగడ్త కొంతే. మిగిలిందంతా వసూలు. పంతులుగారికి వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు అని ఎవరి వాటా వాళ్లకు ముందే తేల్చేస్తాయి. ఇంటివాళ్లు చెప్పబోయే సాకుల్ని వాళ్లకంటే ముందే చెప్పి కొట్టేస్తాయి. పావలా దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టే ఎక్కుతూ ఇది చాలదు, అదీ చాలదు అంటాయి. తెలియకుండానే అదొక డబ్బు లెక్కల పాఠం.

ఆ సాకులు ఊరికే పుట్టలేదు. గరికపాడు చుట్టుపక్కల జగ్గయ్యపేట, నందిగామ వైపు మెట్ట నేలకు అప్పట్లో వానే దిక్కు. దసరా నాటికి పైరు ఇంకా చేలోనే ఉంటుంది. రైతు చేతిలో రొక్కం ఆడేది పంట ఇంటికొచ్చాక. ‘మళ్లీ రండి’ అన్నాడంటే అది పిసినారితనం కాకపోవచ్చు. కానీ పంతులుగారి పొయ్యి పంట వచ్చేదాకా ఆగదు. తన నోటితో అడగలేని మాటను ఆయన పిల్లల గొంతులో పెట్టాడు. పెద్దవాడు చెయ్యి చాస్తే యాచన అవుతుంది. పిల్లలు పాడి అడిగితే పండగ అవుతుంది.

జగ్గయ్యపేట పేరులోనే జమీందారీ చరిత్ర ఉంది. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద ఈ ఊరికి ఆ పేరు పెట్టాడు. దాతలున్న చోట గుళ్లకు మాన్యాలు దక్కాయి. వీధిబడి పంతులు మాత్రం గడప గడపా ఎక్కాల్సి వచ్చింది. సరిహద్దు దాటితే పండగ తీరు వేరు. 1948 దాకా గరికపాడుకు ఆవల నిజాం రాజ్యం, ఈవల మద్రాసు పాలన. ఆవలి కోదాడ వైపు ఇదే రోజుల్లో ఆడపిల్లలు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాటలు నేర్చుకునేవారు. ఇటు మగపిల్లలు విల్లంబులతో తిరిగేవారు.

జీతం వచ్చింది, పాట ఆగింది

1854 నాటి ఉడ్ విద్యా తాఖీదుతో బడులకు సర్కారు గ్రాంట్లు మొదలయ్యాయి. 1884 చట్టంతో స్థానిక బోర్డులు, 1920 చట్టంతో ప్రాథమిక విద్యకు ప్రత్యేక ఏర్పాట్లు వచ్చాయి. వీధిబడులు మెల్లమెల్లగా బోర్డు స్కూళ్లయ్యాయి, పంతులు మేష్టారయ్యాడు. నెల జీతం అందుకునే మనిషి ఇంటింటికీ వెళ్లి పాడించడం నామోషీ అయింది. దసరా మామూలు కొన్ని ఊళ్లలో స్వాతంత్ర్యం తర్వాతా కొన్నాళ్లు నిలిచి, సన్నగిల్లిపోయింది. ఒక మంచి మార్పు ఒక మంచి పాటను మింగింది. అయినా పాట కోసం ఆ పేదరికం తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు.

ఇప్పుడు పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. పూజ చేయించడం వేరు, పండగ గురించి చెప్పడం వేరు. తెలుగు వాచకంలో పండగల పాఠాలు ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే ఆ పాఠం ప్రశ్నలూ జవాబులతో ముగుస్తుంది. వీధి దాకా రాదు.

రావడానికి పెద్ద ఖర్చేమీ లేదు. వెదురు బద్దలు, రంగుకాగితాలు, నాలుగు బంతిపూలు చాలు. సెలవులకు ముందు రోజు పిల్లలంతా కలిసి విల్లంబులు కట్టి, వీధుల్లో ఒక చుట్టు తిరిగి, ఈ పాట ఒకప్పుడు ఎవరి ఆకలి కోసం పుట్టిందో చెప్పుకుంటే అదే దసరా పాఠం. డబ్బు అడగక్కర్లేదు, పప్పుబెల్లాలు మాత్రం వదలక్కర్లేదు. ఈసారి ఆ వరసలో అన్ని వాడల పిల్లలూ ఉంటారు. విల్లెక్కుపెట్టి ముందు నడిచేది ఆడపిల్లే కావచ్చు.