అతిథి యంత్రములో సర్వాధికారి

ఒక పెద్ద భవనమును గదులుగా విభజించి అద్దెకిచ్చినట్లు, ఒక కంప్యూటర్‌ను పెక్కు కంప్యూటర్లుగా విభజించి పలువురికి అప్పగింపవచ్చును. ఇట్లు ఏర్పడిన కల్పిత యంత్రమును ‘అతిథి’ అనియు, దానికి ఆధారమైన అసలు యంత్రమును ‘ఆతిథేయి’ అనియు అందురు. అతిథి తన గదిలో సర్వాధికారియే. కాని ఆ అధికారము గోడ దాటరాదు. ఈ హద్దును నిలుపుట యెట్లు?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, కేంబ్రిడ్జిలోని ఐ.బి.యం. శాస్త్ర కేంద్రములో నిర్మింపబడిన సి.పి.-40 వ్యవస్థ 1967లో వాడుకలోనికి వచ్చినది. అది ఒకే యంత్రముపై 14 కల్పిత యంత్రములను నడపగలిగినది. కంప్యూటర్ ఆదేశములలో కొన్ని సామాన్యములు, కొన్ని విశేషాధికారముతో కూడినవి. అతిథి ఎల్లప్పుడును సామాన్య స్థితిలోనే నడచును. అది విశేషాదేశము నిచ్చినంతనే యంత్రము దానిని ఆపి, నియంత్రణ ప్రోగ్రామునకు అప్పగించును. ఆ ప్రోగ్రాము ఆదేశమును పరిశీలించి, అతిథి హద్దులలోనే ఫలితమును కల్పించి, తిరిగి అతిథిని నడిపించును. యంత్రమంతయు తనదే యన్నట్లు అతిథి పనిచేయుచుండును! ఇట్టి విభజనకు యంత్రమున కుండవలసిన లక్షణములను 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు సూత్రీకరించిరి.

ఇక అతిథి లోపలి అధికారము. 1969లో బెల్ ప్రయోగశాలలలో ఆరంభమైన యూనిక్స్ వ్యవస్థలో 0 సంఖ్య గల వినియోగదారుని ‘రూట్’ అందురు. ఏ ఫైలునైనను చదువుటకు, మార్చుటకు, చెరుపుటకు అతనికి అడ్డులేదు. యూనిక్స్ మార్గము ననుసరించిన లినక్స్‌లోను ఈ పద్ధతియే కలదు. కల్పిత యంత్రమును అద్దెకు తీసికొన్నవారికి సాధారణముగా ఈ అధికారము లభించును.

గోడ గట్టిదైనచో లోపలి రూట్ వలన పొరుగువారికి భయమేల? 2015లో బయటపడిన ‘వెనమ్’ అను లోపము ఇందుకు సమాధానము చెప్పినది. అతిథులకు ఫ్లాపీ డిస్కు పరికరమును కల్పించి చూపు ప్రోగ్రాములో ఆ లోపము 2004 నుండియు దాగియున్నది. అప్పటికి ఫ్లాపీల వాడుక దాదాపు పోయినది. వాటి కల్పిత పరికరము మాత్రము మిగిలియున్నది. సాధారణ లినక్స్ అతిథిలో రూట్ అధికారము చిక్కినవాడు ఆ మార్గమున ఆతిథేయిలోనికి చొరబడుట కవకాశ మేర్పడినది. అనగా, లోపలి తాళము పోయిననాడు వెలుపలి గోడయు పరీక్షకు గురియగును.

అందుచేత నేర్పరులైన నిర్వాహకులు నిత్యకృత్యములకు సామాన్య ఖాతానే వాడుదురు. అవసరమైన ఒక్క ఆదేశమునకు మాత్రము ‘సుడో’ ద్వారా రూట్ అధికారమును పొందుదురు. దూరమునుండి నేరుగా రూట్‌గా ప్రవేశించుటను నిషేధించి, సంకేతపదమునకు మారుగా గూఢలిపి తాళపుచెవులను వాడుదురు. అక్కరలేని కల్పిత పరికరములను తొలగింతురు. సర్వాధికారమును పొందుట సులభము. దానిని అవసరమైనంతకే వాడుటలోనే రక్షణ యున్నది.