పక్కన పడిన దారి

1978 సెప్టెంబరు 22న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, సెలిగ్‌మన్ అనే చిన్న ఊరికి పక్కగా ఇంటర్‌స్టేట్ 40 తెరిచారు. అంతవరకూ ఊరి నడుమ రూట్ 66 మీద బారులు తీరిన కార్లు, లారీలు ఆ రోజుతో అటు మళ్లిపోయాయి. అక్కడ మంగలి దుకాణం నడిపే ఏంజెల్ డెల్గడియో వీధి ఖాళీ కావడం కళ్లారా చూశాడు. బండి ఆగితేనే పొయ్యి వెలిగే ఊరది.

రూట్ 66 పుట్టింది 1926లో. షికాగో నుంచి కాలిఫోర్నియా తీరం దాకా ఎనిమిది రాష్ట్రాలు, సుమారు 2,400 మైళ్లు. తల్సా వ్యాపారి సైరస్ ఏవరీ పట్టుబట్టి సాధించిన దారి. మొదట్లో చాలాచోట్ల ఉన్న రోడ్లనే కలిపి నంబరు పెట్టారు. అందుకే అది ఎన్నో ఊళ్లకు మెయిన్ రోడ్డయింది. మొత్తం గట్టి రోడ్డు పడేసరికి 1938 వచ్చింది. ఆలోగానే, దుమ్ము తుపాన్లకు పొలాలు పోయిన ఓక్లహోమా రైతులు పరుపులు, గిన్నెలు కార్లపై కట్టుకుని ఈ దారినే పడమటికి వెళ్లారు. రచయిత స్టైన్‌బెక్ 1939 నాటి నవలలో దీన్ని తల్లి దారి అన్నాడు. నల్లజాతి ప్రయాణికులకు మాత్రం ఆ తల్లి ఒడి దొరకలేదు. గది ఎక్కడ ఇస్తారో గ్రీన్ బుక్ అనే గైడులో వెతుక్కోవాల్సి వచ్చేది.

అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ హయాంలో 1956లో వచ్చిన చట్టంతో, ఎక్కడా క్రాసింగులు లేని వెడల్పాటి ఇంటర్‌స్టేట్లు మొదలయ్యాయి. 55, 44, 40, 15, 10 నంబర్ల రోడ్లు రూట్ 66ను ముక్కముక్కగా మింగాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఊళ్లను పక్కన పెట్టడం రూట్ 66కూ తెలుసు. 1937లో దూరం తగ్గించడానికి అది సాంటా ఫేని వదిలేసింది. 1950ల మొదట్లో కొండమలుపుల ఓట్‌మన్‌నూ వదిలేసింది. అప్పుడు ఆ ఊళ్ల కోసం ఎవరు ఏడ్చారు? దారి చరిత్ర రాసేటప్పుడు ఈ లెక్క కూడా వేయాలని నా పట్టుదల.

చివరగా 1984లో అరిజోనాలోనే విలియమ్స్ ఊరు పక్కన పడింది. 1985 జూన్‌లో రూట్ 66ను జాతీయ హైవేల జాబితా నుంచే తీసేశారు. డెల్గడియో ఊరుకోలేదు. 1987లో తోటివారితో సంఘం పెట్టి పోరాడితే, అరిజోనా సెలిగ్‌మన్–కింగ్‌మన్ భాగాన్ని చారిత్రక రహదారిగా ప్రకటించింది. ఇప్పుడు పర్యాటకులు ఆయన దుకాణం ముందు బండి ఆపుతారు.

ఇదే దారిపై, టెక్సస్–న్యూ మెక్సికో సరిహద్దులో ఉన్న గ్లెన్‌రియోకు అలాంటివాడు దొరకలేదు. టెక్సస్‌లో మొదటి మోటెల్, అటు తిరిగి చూస్తే చివరి మోటెల్ అని బోర్డు పెట్టుకున్న చోట ఇప్పుడు మొండిగోడలు, నడిరోడ్డు పగుళ్లలో గడ్డి. ఊరు దాటి పడమటికి వెళితే తారు ఆగిపోయి కంకర రోడ్డు మొదలవుతుంది. ఉత్తరాన, కూతవేటు దూరంలో, ఇంటర్‌స్టేట్ 40 మీద లారీలు పోతూనే ఉంటాయి.