కోత పడితేనే పలికే గ్రాహకం

వేలు తెగితే రక్తం గడ్డకడుతుంది. ఆ చోటు ఎర్రబడి, వాచి, సలుపుతుంది. లోపల చిట్లిన రక్తనాళం మెల్లగా అతుక్కుంటుంది. ఈ మూడు పనులనూ వైద్యశాస్త్రం చాలాకాలం వేర్వేరు అధ్యాయాలుగానే చదువుకుంది. మూడింటినీ ముడివేసే అణువుల్లో ముఖ్యమైనదొకటి 1991లో బయటపడింది.

దాని కథ త్రాంబిన్‌తో మొదలవుతుంది. రక్తంలో కరిగి ఉండే ఫైబ్రినోజన్‌ను కోసి, ఫైబ్రిన్ పోగులుగా మార్చే ఎంజైమ్ ఇది. ఇలాంటిది ఒకటి ఉందని 19వ శతాబ్దంలోనే అలెగ్జాండర్ ష్మిట్ చెప్పాడు. 1882లో ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజోజెరో, నాళం దెబ్బతిన్న చోట ప్లేట్‌లెట్లు గుమిగూడి అతుక్కుంటాయని చూపాడు. ప్లేట్‌లెట్లను బలంగా రెచ్చగొట్టేవాటిలో త్రాంబిన్‌ది ముందువరస అని తర్వాత తేలింది. చిక్కల్లా ఒకటే. హార్మోన్లు గ్రాహకానికి అంటుకుని కణానికి కబురు చేరవేస్తాయి. త్రాంబిన్‌కు తెలిసిన పని ప్రోటీన్లను కోయడం. మరి కోతతో కబురెలా చేరుతుంది?

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షాన్ కాఫ్లిన్ బృందం ఇందుకు కప్ప అండాలను ఆశ్రయించింది. త్రాంబిన్‌కు స్పందించే మానవ కణాల ఆర్‌ఎన్‌ఏను ఆ అండాల్లోకి ఎక్కించి, ఏ ముక్క ఎక్కినప్పుడు అండం త్రాంబిన్‌కు స్పందిస్తోందో వడపోసింది. చివరికి దొరికిన గ్రాహకం తీరు వింతైనది. ఇది తాళంచెవిని తనకే కట్టుకుని ఉన్న తాళం. కణం బయటికి వేలాడే దాని కొసను త్రాంబిన్ 41వ అమైనో ఆమ్లం దగ్గర కోస్తుంది. అప్పటిదాకా మరుగున ఉన్న కొత్త కొస బయటపడి, అదే గ్రాహకంలోకి వంగి దాన్ని మేల్కొలుపుతుంది. ఆ కొసలోని ఆరు అమైనో ఆమ్లాలను విడిగా తయారుచేసి ఇస్తే, త్రాంబిన్ లేకపోయినా కణం స్పందించింది. తెగిన కొస మళ్లీ అతకదు. కాబట్టి ఒక్కో గ్రాహకం ఒక్కసారే పనికొస్తుంది, ఆ తర్వాత కణం దాన్ని లోపలికి లాక్కుని నాశనం చేస్తుంది. దీనికి పార్-1 అని పేరు. 1998 నాటికి ఇదే కుటుంబంలో మరో మూడు దొరికాయి.

పార్-1 ప్లేట్‌లెట్ల మీదే కాదు, రక్తనాళాల లోపలి పొర కణాల మీదా ఉంది. అక్కడ త్రాంబిన్ దాన్ని కోస్తే కణాలు ముడుచుకుంటాయి. వాటి మధ్య సందుల్లోంచి నీరు కారి, ఆ చోట వాపు వస్తుంది. కణాల్లో నిల్వ ఉన్న వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ బయటికొచ్చి ప్లేట్‌లెట్లను పట్టుకుంటుంది, పి-సెలెక్టిన్ పైకి తేలి తెల్లరక్తకణాలను ఆపుతుంది. గడ్డా వాపూ ఒకే కోత నుంచి పుడుతున్నాయన్నమాట.

నాళాల సంగతిని ఎలుకలు తేల్చాయి. పార్-1 లేని పిండాల్లో దాదాపు సగం గర్భంలోనే చనిపోయేవి, వాటిలో రక్తస్రావం కనిపించేది. ఎలుక ప్లేట్‌లెట్లు పార్-1ను వాడుకోవు కాబట్టి తప్పు వాటిది కాదు. నాళాల లోపలి పొరలో మాత్రమే పార్-1ను తిరిగి పెట్టినప్పుడు ఆ మరణాలు తప్పాయని 2001లో తేలింది.

అంతకుముందే, 1981లో చార్లెస్ ఎస్మన్, వైట్ ఓవెన్ మరో మలుపు చూపారు. ఆరోగ్యంగా ఉన్న నాళం గోడ మీది సహాయక అణువుతో కలిస్తే త్రాంబిన్ గడ్డకట్టించే పని మాని, ప్రోటీన్-సి అనే నిరోధకాన్ని మేల్కొలుపుతుంది. 2002లో మరో ఆశ్చర్యం: ఈ ప్రోటీన్-సి కూడా పార్-1 ద్వారానే పలుకుతుంది. కాకపోతే కోత 46వ అమైనో ఆమ్లం దగ్గర పడుతుందని 2012లో స్పష్టమైంది. అయిదు అమైనో ఆమ్లాల తేడాతో కబురు తిరగబడుతుంది. కణాలు దగ్గరగా బిగుసుకుంటాయి, వాపు తగ్గుతుంది.

పార్-1ను అడ్డుకునే వోరాపాక్సర్‌కు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. గుండెపోటు ముప్పును తగ్గించినా, మెదడులో రక్తస్రావం ముప్పును పెంచడంతో, పక్షవాతం వచ్చినవారికి అది నిషిద్ధం. అందుకే ఇప్పుడు పరిశోధన పార్‌మాడ్యులిన్ల వైపు సాగుతోంది. గ్రాహకాన్ని పూర్తిగా మూయకుండా, 41 దగ్గరి కోత పంపే హానికర సంకేతాలను ఆపి, 46 దగ్గరి కోత ఇచ్చే రక్షణను మిగల్చాలన్నది వీటి లక్ష్యం.