వాగు చేసే చాకిరి

ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనికి లెక్కాపత్రం ఉండదంటారు. మన వాగుల సంగతీ అంతేననిపిస్తుంది నాకు. గోదావరికి పుష్కరాలున్నాయి, పూజలున్నాయి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లోంచి ఆ గోదావరిలో కలిసే చిన్న వాగులకూ ఒర్రెలకూ దణ్ణం పెట్టేదెవరు?

ఆ వాగులు చేసే పెద్ద పని, నత్రజనిని సర్దిపెట్టడం. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే అయినా, పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. అందుకే వెనకటి రైతులు ఎండాకాలం రాగానే పొలానికి పెంట తోలేవాళ్ళు, చెరువులోని పూడిక మట్టి బండ్లకెత్తేవాళ్ళు. వానకు కొట్టుకుపోయిన సారం, పుట్టింటికి వెళ్ళిన కోడలిలా, మళ్ళీ పొలానికే చేరేది.

1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనితో అమోనియా చేసి చూపించాడు. ఆ విద్య మన గోదావరి ఒడ్డుకు రావడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. 1980లో రామగుండంలో బొగ్గుతో యూరియా తయారీ మొదలైంది. 1999లో ఆ కర్మాగారం మూతపడింది. 2021లో అక్కడే గ్యాసుతో నడిచే కొత్తది వచ్చింది. దాని సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు నీళ్ళూ, యూరియా బస్తా కలిసి ఎన్నో మెట్టచేలను వరిమళ్ళు చేశాయి. మన కంచంలో అన్నం పెట్టినదాన్ని నేను తిట్టను.

కానీ వేసిన యూరియా అంతా పైరు తినదు కదా! మిగిలిందాంట్లో కొంత నైట్రేటుగా మారి వానతో వాగులోకి దిగుతుంది. అక్కడ రాళ్ళమీది నాచూ, సూక్ష్మజీవులూ దాన్ని తింటాయి. నాచును నత్తలు తింటాయి. అవి చచ్చి కుళ్ళితే నత్రజని మళ్ళీ నీళ్ళలో పడుతుంది, కాస్త దిగువన మరో నాచు అందుకుంటుంది. అడుగున గాలాడని బురదలో ఇంకోరకం సూక్ష్మజీవులు నైట్రేటును విడగొట్టి నత్రజనిని తిరిగి గాలికే పంపేస్తాయి. లోతులేని వాగులో నీళ్ళు అడుగు మట్టిని రాసుకుంటూ పోతాయి గనుక అక్కడ ఈ పని చురుగ్గా సాగుతుంది.

దీనికీ ఒక హద్దుంది. 72 వాగుల్లో జరిపిన పరిశోధనను 2008లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. నైట్రేటు పెరిగేకొద్దీ, వచ్చినదాంట్లో వాగు వదిలించే వంతు తగ్గిపోతుందట. పదిమందికి వండే ఇల్లాలి ముందు వందమందికి విస్తళ్ళు వేస్తే ఏం చేస్తుంది పాపం? ఇంకో నలుగురికి వండుతుంది, అంతే. వాగు వల్లకానిది చెరువుకు చేరి నాచునూ గుర్రపుడెక్కనూ పెంచుతుంది. పొలంలోనే ఇంకింది బావి నీళ్ళలో కలుస్తుంది. తాగేనీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ఆ నీళ్ళతో పాలు కలిపి పట్టే పసిపిల్లలకు ముప్పు. మరగబెడితే పోతుందనుకునేరు! నీళ్ళు ఆవిరవుతాయి, నైట్రేటు మిగులుతుంది.

యూరియా తగుమాత్రంగా, దఫాలుగా వేస్తే వాగుకు బరువు తగ్గుతుంది. ఒడ్డున గడ్డీ చెట్లూ ఉంటే కొంత అక్కడే ఆగుతుంది. మనం మాత్రం ఒడ్డు దున్నేసి, ఇసుకంతా లారీలకెత్తి, నీళ్ళు శుభ్రంగా ఉండాలంటున్నాం. వంటిల్లు కూల్చేసి వంటెందుకు కాలేదని అడిగినట్టు లేదూ?