గ్రంథాలయాల తలుపులు తెరిచి ఉంచినవారు

1907లో తెలుగులో అబ్రహాం లింకన్ జీవితచరిత్ర అచ్చయింది. రచయిత గాడిచర్ల హరిసర్వోత్తమరావు. అప్పటికి ఆయన పాతికేళ్లు నిండని యువకుడు. ప్రచురించినది అంతకు ముందు సంవత్సరమే హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, మహనీయుల జీవితాలు సామాన్యులకు తమ భాషలోనే అందాలన్నది ఆ మండలి ఆశయం. దాని తొలి ప్రచురణకు కథానాయకుడు అమెరికాలో బానిసత్వాన్ని అంతం చేసిన అధ్యక్షుడు కావడం యాదృచ్ఛికం కాదు. పరాధీనంలో ఉన్న జాతికి ఆ కథ చెప్పడంలో ఒక ఉద్దేశం ఉన్నది.

మరుసటి ఏడే, 1908లో, అదే రచయిత జైలుకు వెళ్ళాడు. విజయవాడ నుండి వెలువడే ‘స్వరాజ్య’ పత్రికలో ప్రభుత్వాన్ని విమర్శించిన వ్యాసానికి ఆయనపై రాజద్రోహ నేరం మోపి మూడేళ్ల కఠిన కారాగార శిక్ష విధించారు. విడుదలైన తరువాత, తక్కిన జీవితంలో అధికభాగాన్ని ఆయన వయోజన విద్యకూ గ్రంథాలయాలకూ అంకితం చేశాడు. ఒక పత్రికను ఆపడం ప్రభుత్వానికి సులభమనీ, ఊరూరా చదివే అలవాటు పడిన ప్రజను ఆపడం సులభం కాదనీ ఆయన జీవితం మనకు చెబుతుంది.

ఈ దేశంలో పెరుగుతున్న మన పిల్లలకు గ్రంథాలయం అంటే నిశ్శబ్దమైన, చల్లని, ఎవరికీ హాని చేయని చోటు. కార్డు చూపిస్తే చాలు, ఎన్ని పుస్తకాలైనా ఇస్తారు. కానీ వారి ముత్తాతల కాలంలో తెలుగునేలపై గ్రంథాలయం స్థాపించడం సాహసకార్యం. ఆ కథను మన పిల్లలు తెలుసుకోవాలి.

రెసిడెన్సీ బజారులో ఒక ఇల్లు

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులోని రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు మొదలైనవారు దానికి అండగా నిలిచారు. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. ప్రజలలో అత్యధికులు మాట్లాడే భాష తెలుగు. అయినా బడిలో, కచేరీలో, కోర్టులో తెలుగుకు చోటు లేదు. తన ఊళ్ళోనే తన భాష చదువుకోవడానికి చోటు లేని మనిషికి ఆ చిన్న పుస్తకాల గది ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు.

1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి. 1921లో నిజాం రాష్ట్ర ఆంధ్రజన సంఘం ఏర్పడినప్పుడు గ్రంథాలయాలనూ పఠనమందిరాలనూ నెలకొల్పడం దాని ముఖ్య కార్యక్రమాలలో ఒకటి. మాడపాటి హనుమంతరావుగారి వంటి పెద్దలు ఊరూరా తిరిగి ఆ పని చేయించారు. 1925లో మధిరలో గ్రంథాలయ సభ కూడా జరిగింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నిజాం ప్రభుత్వం పుస్తకాలకు శత్రువు కాదు. 1891లోనే హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడింది. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ వ్రాతప్రతులకు అది గొప్ప నిధి. నేటికీ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా నిలిచి ఉన్నది. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అటువంటి ప్రభుత్వం పల్లెటూరిలో పాతిక పుస్తకాలున్న ఒక తెలుగు పఠనమందిరాన్ని చూసి ఎందుకు కలవరపడింది?

జవాబు ఒక్కటే. తాను పెట్టిన గ్రంథాలయమంటే ఏ ప్రభువుకూ భయం లేదు. ప్రజలు తామే పెట్టుకున్న గ్రంథాలయమంటేనే భయం. అక్కడ ఏ పుస్తకం ఉండాలో ప్రజలు నిర్ణయిస్తారు. సాయంత్రం నలుగురు చేరి పత్రిక చదువుతారు. చదువురానివాడికి చదువు వచ్చినవాడు వినిపిస్తాడు. విన్నవాడు ప్రశ్నిస్తాడు. అధికారానికి జంకు పుట్టించేది ఆ ప్రశ్నే.

గస్తీ నిషాన్ తిర్పన్

నాటి ప్రభుత్వం పుస్తకాలను నడివీధిలో తగులబెట్టలేదు. కాగితం మీద ఒక ఉత్తర్వు జారీ చేసింది. దానినే ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అన్నారు. గస్తీ అంటే ప్రభుత్వం పంపే సర్క్యులరు. తిర్పన్ అంటే 53. ఆ 53వ సంఖ్య ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి లేనిదే బహిరంగ సభ జరపరాదు. గ్రంథాలయ వార్షికోత్సవం కూడా సభే కదా! అర్జీ పెట్టాలి, అధికారుల చుట్టూ తిరగాలి, జవాబు కోసం వేచి ఉండాలి. అనుమతి వచ్చేసరికి ముహూర్తం దాటిపోవచ్చు, అసలు రాకపోనూవచ్చు. ప్రైవేటు బడి పెట్టాలన్నా అనుమతి కావలసిందే.

నిషేధం కంటే అనుమతి పద్ధతి ఎక్కువ ప్రమాదకరమని చరిత్ర తెలిసినవారు అంటారు. నిషేధిస్తే అన్యాయం అందరికీ కనబడుతుంది. అనుమతి అడగమంటే అన్యాయం కనబడదు. ఆలస్యం మాత్రమే కనబడుతుంది. అడిగి అడిగి విసిగినవాడు తానే మానుకుంటాడు. తలుపుకు ఎవరూ తాళం వేయకపోయినా లోపలికి వెళ్ళేవారు తగ్గిపోతారు.

మనవాళ్ళు మానుకోలేదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం జరిగింది. మరుసటి ఏడు దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన రెండవది జరిగింది. ఆ వేదికల మీద వారు కోరినవి పెద్ద పదవులు కావు. మాతృభాషలో చదువు, అడ్డంకులు లేని సభ, అడ్డంకులు లేని చదువుగది.

సభలకు అడ్డంకులున్న చోట పుస్తకమే ఊరికి నడిచి వెళ్ళింది. వట్టికోట ఆళ్వారుస్వామి పేదకుటుంబంలో పుట్టి, ఇతరుల ఇళ్ళలో పనిచేస్తూ చదువు నేర్చుకున్నవాడు. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించాడు. పుస్తకాలు మోసుకొని ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. పలుమార్లు జైలుపాలయ్యాడు. విడుదలై మళ్ళీ పుస్తకాల దగ్గరికే వచ్చాడు.

కృష్ణకు ఆవలి ఒడ్డున

బ్రిటిషు పాలనలోని తెలుగు జిల్లాలలో సభలకు కొంత వెసులుబాటు ఉండేది. అయ్యంకి వెంకటరమణయ్యగారి పట్టుదల వల్ల 1914 ఏప్రిల్ 10న విజయవాడలో తెలుగుదేశపు గ్రంథాలయాల ప్రతినిధులు ఒక సభగా కూడారు. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. అప్పటికే చూపు కోల్పోయిన ఆ మహారచయిత ఇతరుల చేత చదివించుకొని వినేవారు. గ్రంథాలయం విలువ ఆయన కంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. నాడు కాలువే ఆ ఊళ్ళకు రహదారి. ప్రయాణికులు పడవలో కూర్చొని చదువుకునేవారు.

అయితే అక్కడ మరొక విధమైన అడ్డంకి ఉండేది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైలులో ఉండగా ‘మాలపల్లి’ నవల రచించారు. అంటరానివారని ఊరు దూరం పెట్టిన ఒక కుటుంబం కథ అది. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. తరువాత కొన్ని భాగాలు తొలగించాక అనుమతించింది. 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చిన తరువాతనే ఆ నిషేధం తొలగింది. ఒకే పుస్తకం ఒక ప్రభుత్వానికి నేరం, మరొక ప్రభుత్వానికి సాహిత్యం. పుస్తకంలో అక్షరాలు మారలేదు, కుర్చీలో మనుషులు మారారు. చదివే హక్కు కుర్చీని బట్టి మారరాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన సాహిత్యంలో లేదు.

చట్టం, దాని తరువాత

దాతల దయ మీదా యువకుల ఉత్సాహం మీదా గ్రంథాలయం ఎల్లకాలం నిలవదని ఉద్యమ పెద్దలు గ్రహించారు. చందాలు ఆగితే తలుపులు మూతపడతాయి. గాడిచర్లవారు, ప్రసిద్ధ గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు, వారి సహచరులు ఏళ్ల తరబడి చేసిన కృషి ఫలించి 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. 1955లో హైదరాబాదు రాష్ట్రానికి, 1960లో ఆంధ్రప్రదేశ్‌కు ఇటువంటి చట్టాలు ఏర్పడ్డాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే పద్ధతి వచ్చింది. దాని వెనుక లోతైన ఆలోచన ఉంది. తన పేరున తనకు ఆదాయం ఉన్న సంస్థ ఎవరి దయ కోసమూ చేయి చాచనక్కరలేదు.

ఆశయం గొప్పది. ఆచరణ అంత గొప్పగా లేదు. ఇంటి పన్నుతో వసూలైన గ్రంథాలయ పన్ను చాలాచోట్ల స్థానిక సంస్థల ఖాతాలలోనే బకాయిగా ఉండిపోతున్నది. జిల్లా సంస్థల అధ్యక్ష పదవులు పార్టీ కార్యకర్తలకు ఇచ్చే బహుమతులుగా మారాయన్న విమర్శ ఉన్నది. కొత్త పుస్తకాలు లేక, సిబ్బంది లేక వెలవెలబోతున్న గ్రంథాలయాన్ని ఎవరూ నిషేధించనక్కరలేదు. రాజకీయ జోక్యానికి నిర్లక్ష్యం కూడా ఒక రూపమే.

మనం ఉంటున్న ఈ నేల మీద

తెలుగులో తొలినాళ్లలోనే లింకన్ కథను చదువుకున్న జాతి వారసులం మనం. ఆ లింకన్ దేశంలో, ఆయన మరణించిన దాదాపు నూరేళ్లకు ఏమి జరిగిందో చూడండి. 1961 మార్చి 27న మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరంలో, టూగలూ కళాశాలకు చెందిన తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే కేటాయించిన పౌర గ్రంథాలయంలోకి వెళ్ళారు. తమకు కావలసిన పుస్తకాలు నల్లవారి గ్రంథాలయంలో లేవని ముందే విచారించుకొని వెళ్ళారు. కూర్చొని చదువుకోసాగారు. పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. 1939లోనే అమెరికా గ్రంథాలయ సంఘం ఒక హక్కుల ప్రకటన చేసింది. రచయిత జాతినో, మతాన్నో, రాజకీయ అభిప్రాయాన్నో బట్టి పుస్తకాన్ని నిరాకరించరాదని అది చెప్పింది. ప్రకటన గోడ మీద ఉంటే చాలదు, దాని కోసం లోపలికి వెళ్ళి కూర్చునేవారు కావాలి. జాక్సన్‌లోని ఆ తొమ్మిదిమందీ, హైదరాబాదు రాజ్యపు పల్లెల్లో పఠనమందిరాలు పెట్టినవారూ ఒకరినొకరు ఎరుగరు. చేసిన పని మాత్రం ఒక్కటే.

గత శరదృతువులో మా ఊరి గ్రంథాలయ పాలకమండలి సమావేశానికి నేను మొదటిసారి వెళ్ళాను. కొన్ని పుస్తకాలను అరల నుండి తొలగించాలని ఒక జాబితా చదివారు. నిజం చెప్పాలంటే ఆ జాబితాలో ఒక పుస్తకాన్ని నా మనుమరాలికి ఈ వయసులో నేనూ ఇవ్వను. చేయి ఎత్తి ఆ జాబితాను సమర్థించాలని ఒక క్షణం అనిపించింది. అప్పుడు ‘మాలపల్లి’ గుర్తుకు వచ్చింది. నిషేధించినవారు కూడా తాము సమాజానికి మేలే చేస్తున్నామని అనుకొని ఉంటారు. మా పిల్ల ఏది చదవాలో నేనూ ఆమె తల్లిదండ్రులూ కూర్చొని ఆలోచించుకోగలం. పక్కింటి పిల్ల ఏది చదవాలో నిర్ణయించే అధికారం నాకు ఎవరిచ్చారు? నేడు నాకు నచ్చని పుస్తకం పోతే, రేపు మరొకరికి నచ్చని పుస్తకం పోతుంది. అది మన రామాయణమే కావచ్చు.

నా వంతు వచ్చినప్పుడు లేచి ఈ నాలుగు మాటలే చెప్పాను. నా ఇంగ్లీషు కొంచెం తడబడింది. అయినా అందరూ విన్నారు. అనుమతి అడగకుండా, అర్జీ పెట్టకుండా, ఒక పౌర సభలో గ్రంథాలయం గురించి మాట్లాడగలిగాను. జోగిపేటలో, దేవరకొండలో మన పెద్దలు కోరుకున్నది ఈ భాగ్యమే.

మన పిల్లలకు తెలుగు నేర్పుతున్నాం, పద్యాలు నేర్పుతున్నాం. వాటితో పాటు ఈ కథ కూడా చెబుదాం. వారాంతంలో వారిని ఊరి గ్రంథాలయానికి తీసుకువెళదాం. పాలకమండలి సమావేశం ఎప్పుడో తెలుసుకొని, ఏడాదికి ఒక్కసారైనా వెనుక వరుసలో కూర్చుందాం. తెలుగు పుస్తకాలు తెప్పించమని అడుగుదాం. అలాగే మనకు నచ్చని పుస్తకం కూడా అరలో ఉండనిమ్మని అడుగుదాం. ఆ రెండవ కోరిక కోరగలిగిననాడే, రెసిడెన్సీ బజారులోని ఆ ఇంటి తలుపు తెరిచినవారికి మనం నిజమైన వారసులం అవుతాం.